ఆ బస్సు వచ్చేదాకా కదలొద్దన్నాను

ఆర్మూర్ నుంచి హైదరాబాద్ పోయే బస్సులో కుడి వైపు కిటికీ పక్కన కూర్చోండి. పొద్దున పోయేటప్పుడు బస్సు దక్షిణం ముఖంగా నడుస్తుంది కాబట్టి ఎండంతా ఎడమ వైపు వాళ్ల మీద పడుతుంది. మధ్యాహ్నం తిరిగి వచ్చేటప్పుడు ఉత్తరం ముఖంగా వస్తుంది, అప్పుడూ ఎండ ఎడమ వైపే. పోయేటప్పుడూ కుడే, వచ్చేటప్పుడూ కుడే. ముప్పై ఒక్క ఏళ్లు కండక్టరుగా పనిచేసి, నా కళ్లతో నేను చూసి తెలుసుకున్న పట్నం సలహా ఇది ఒక్కటే. మిగతావన్నీ అరువు సరుకు.

మా వైపు హైదరాబాదును పట్నం అనే అంటాం. నేను రిటైరై ఏడాది దాటింది. కాలేజీలో చేరే అమ్మాయి, ఉద్యోగానికి పోయే అబ్బాయి, బిడ్డ పురుడు చూడబోయే తల్లి, ఎవరు పట్నం బయలుదేరినా ఇప్పటికీ మా గేటు చప్పుడు చేస్తారు. "కండక్టర్ తాతా, జర పట్నం ముచ్చట చెప్పు" అంటారు. వాళ్లకు నేను చెప్పేది ఇప్పుడు చాలా తక్కువ. ఒకప్పుడు ఆగకుండా చెప్పిన మనిషి ఇప్పుడెందుకు ఇంత పొదుపుగా మాట్లాడుతున్నాడని ఎవరూ అడగలేదు. అడగకపోయినా చెప్పేస్తే మంచిదని రాస్తున్నాను. మోకాళ్లు అరిగిన మనిషి రాత ఇది, అక్కడక్కడ గొణుగుడు ఉంటే సర్దుకోండి.

మా డిపోలో పట్నం రూటు అంటే ఒక హోదా. పొద్దున ఐదింటి ఎక్స్‌ప్రెస్ నాది. తొమ్మిదిన్నరకు జూబ్లీ బస్టాండులో దిగబెట్టి, పన్నెండింటికి మళ్లీ ఆర్మూరుకు బయలుదేరాలి. మధ్యలో దొరికేది రెండున్నర గంటలు. అందులో లెక్కలు అప్పజెప్పి, టిఫిన్ తిని, బస్టాండు ఎదురుగా ఉన్న హోటల్లో ఒక ఇరానీ చాయ్ తాగి, రెస్ట్ రూములో బల్ల మీద ఒక కునుకు తీసేసరికి డ్రైవర్ వచ్చి కాలు తట్టేవాడు. ఏళ్ల తరబడి నా పట్నం అంటే ఆ చాయ్ హోటలూ, ఆ బల్లా. చార్మినార్ చూశావా అని ఎవరైనా అడిగితే చూశాననే అనేవాణ్ని. క్యాలెండర్ మీద చూశాను కదా, అబద్ధం కాదు.

మరి సలహాలు ఎక్కడివంటారా? తిరుగు బస్సులో ఎక్కేవాళ్ల నోటి నుంచి ఏరుకున్నవి. పొద్దున పోయినవాళ్లే మరుసటి రోజో, రెండు రోజులకో తిరిగి వచ్చేవారు. టికెట్ కొడుతూ "ఎట్లైంది ముచ్చట?" అని అడిగితే చాలు, కడుపులో ఉన్నదంతా చెప్పేసేవారు. సోమవారం పోయి జూ గేటు పట్టుకుని వెనక్కి వచ్చిన కుటుంబం చెబితే జూకు సోమవారం సెలవని తెలిసింది. పాత వస్తువుల మ్యూజియం శుక్రవారం మూసి ఉంటుందని ఇంకొక మాస్టారు చెప్పాడు. చార్మినార్ చుట్టుపక్కల గాజుల దుకాణాలు మధ్యాహ్నం దాకా సరిగ్గా తెరవరనీ, రద్దీ లేకుండా కట్టడం చూడాలంటే పొద్దున్నే పోవాలనీ, గాజులు కొనాలంటే పొద్దుగూకే ముందు పోవాలనీ ఒక పెళ్లివారి గుంపు చెప్పింది. మెట్రోలో కదిలే మెట్లు చూసి భయపడ్డ ఒక అవ్వ, పక్కనే లిఫ్టు ఉంటుందన్న సంగతి నాకు నేర్పింది. పట్నంలో దూరం కిలోమీటర్లలో అడగకూడదు, ఎన్ని సిగ్నళ్లని అడగాలి అన్నది మాక్లూర్ రైతు ఒకాయన మాట. ట్యాంక్‌బండ్ మీద ఎండ దిగాక కూర్చోవాలి, ఉస్మానియా బిస్కెట్ చాయ్‌లో ముంచి లెక్కపెట్టకుండా తినాలి, ఇలాంటివి నా దగ్గర వందల కొద్దీ ఉండేవి. మధ్యాహ్నం ఒకరి నుంచి కొని మరుసటి పొద్దున ఇంకొకరికి అమ్మేవాణ్ని. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు కదా, నా బస్సులో నలభై మందికి పైగా వినేవాళ్లు ఉండేవారు.

మా డ్రైవర్‌కు మాత్రం నా గుట్టు తెలుసు. నాకన్నా ఏడాది పెద్ద, మాటలు తక్కువ, చూపు ఎక్కువ. పదేళ్లు ఒకే బస్సు మీద ఉన్నాం. నన్ను "గైడ్ సాబ్" అని పిలిచేవాడు.

"గైడ్ సాబ్, చాయ్ హోటల్ దాటితే నీకు తూర్పేదో పడమరేదో తెల్వది. గంతమందిని ఎట్ల తోలుతున్నవ్?"

"దారి చెప్పేటోనికి దారి నడిచే పనేముంది అన్నా?" అనేవాణ్ని.

"ఒక దినం తెలుస్తది లే" అని ఊరుకునేవాడు.

నాకు ఒక అలవాటు ఉండేది. చెప్పింది ప్రయాణికుల చేత తిరిగి చెప్పించుకునేవాణ్ని, బళ్లో ఎక్కం ఒప్పజెప్పించుకున్నట్టు. తప్పు చెబితే మళ్లీ మొదటి నుంచి. చదువు రానివాళ్లకు అదే మేలు అనుకునేవాణ్ని. మా వైపు జనానికి కండక్టర్ అంటే ఎంత నమ్మకమో బయటివాళ్లకు తెలియకపోవచ్చు. ఊరి బస్సు ఎక్కి దిగేదాకా వాళ్లకు మేమే మేనమామలం. ఆ నమ్మకం నాకు బాగా తలకెక్కింది.

నా సలహాలన్నిటికీ మొదట ఒక మంగళాచరణం ఉండేది. "పట్నంల ఎవని మాట ఇనొద్దు." ఆటోవాళ్లు ఏం చేస్తారో కూడా కథలాగా చెప్పేవాణ్ని. ఎవరో ఒకాయనను ఒక ఆటోవాడు "ఆ బస్సు బంద్ అయింది" అని నమ్మించి ఎక్కించుకుని, ఊరంతా తిప్పి దింపాడట. ఆ ఒక్క కథను నేను ఎన్ని వందల మందికి చెప్పానో.

రిటైర్మెంట్‌కు ఏడాదిన్నర ఉందనగా, పసుపు పాలిష్ పట్టే రోజుల్లో, ఒక పొద్దున ఇద్దరు ఎక్కారు. భార్యాభర్తలు. భీమ్‌గల్ అవతలి ఊరి వాళ్లు, కూలి పనుల కోసం ఆర్మూర్‌లోనే ఉంటున్నారు. అతనికి నలభై ఉంటాయేమో, ఎడమ కంటికి కట్టు. ఆమె చేతులు మోచేతుల దాకా పసుపు, కడిగినా పోని పసుపు. మెడలో నల్ల దారానికి చిన్న శిలువ. ఆధార్ కార్డు చూపించింది, ఆడవాళ్లకు ఉచితం కాబట్టి జీరో టికెట్ కొట్టి ఇచ్చాను. అతనికి మామూలు టికెట్.

"కంటికేమైంది తమ్మీ?" అని అడిగాను.

ఆమే చెప్పింది. పాలిష్ డ్రమ్ము దగ్గర ఉండగా పసుపు కొమ్ము పెచ్చు ఎగిరివచ్చి కంట్లో తగిలిందట. పది రోజుల కింద పని ఇచ్చిన ఆసామి తన కారులో పట్నం పెద్ద కంటి దవాఖానకు తీసుకుపోయి చూపించాడు. లోపలి పొర ఊడుతోంది, పూర్తిగా ఊడకముందే ఆపరేషన్ చెయ్యాలన్నారు. ఈ రోజు తారీఖు ఇచ్చారు. పదిన్నరకల్లా ఉండాలి, రాత్రి నుంచి ఏమీ తినకూడదు.

"ఆసామికి ఇయ్యాల తీరలేదన్నా. మేమే పోతున్నం. కార్ల పోయినప్పుడు దారి ఏం తెలుస్తది? ప్రభువు దయ, నువ్వు దొరికినవ్" అంది.

ఆ దవాఖాన పేరు నేను విన్నదే. చాలా ఏళ్ల కింద ఒక ప్రయాణికుడు చెప్పిన దారి నా నోట్లో సిద్ధంగా ఉంది. బస్టాండు దాకా పోనవసరం లేదు, దానికి ముందు వచ్చే పెద్ద చౌరస్తాలో దిగితే అక్కడి షెల్టరు నుంచి ఒక నంబరు సిటీ బస్సు నేరుగా దవాఖాన గేటు ముందుకు పోతుంది. ఎంత మంచి దారి! మెట్లు ఎక్కే పని లేదు, మారే పని లేదు.

"చెల్లె, నేను చెప్పిన కాడ దిగుండ్రి. గా షెల్టర్ల కూసోండ్రి. నంబర్ రాసిస్త. గా బస్సు తప్ప ఇంకోటి ఎక్కకుండ్రి. ఆటోవాళ్లు వస్తరు, బస్సు బంద్ అయిందంటరు. గది ఆళ్ల పాత ఆట. ఎవ్వరేం చెప్పినా ఇనకుండ్రి. బస్సు వచ్చేదాక కదలకుండ్రి. ఏదీ, చెప్పు."

ఆమె బుద్ధిగా చెప్పింది. "షెల్టర్ల కూసోవాలె. గీ నంబర్ తప్ప ఎక్కొద్దు. ఆటోవాళ్లు బంద్ అయిందంటరు, ఇనొద్దు. బస్సు వచ్చేదాక కదలొద్దు."

"శభాష్" అన్నాను.

అద్దంలోంచి డ్రైవర్ నన్ను ఒకసారి చూశాడు. "అమ్మా, బస్టాండు దాక రాండ్రి, అక్కడ కంట్రోలర్‌ను అడిగి పోదురు" అన్నాడు. నాకు కోపం వచ్చింది. "నువ్వు స్టీరింగ్ చూసుకో అన్నా" అన్నాను.

తొమ్మిది పదిహేనుకు చౌరస్తాలో దింపాను. షెల్టరు చేయి చాపి చూపించాను. ఆమె భర్త చెయ్యి పట్టుకుని రోడ్డు దాటడం చూశాకే రైట్ చెప్పాను. ఆ తర్వాత చాయ్ తాగాను, బల్ల మీద పడుకున్నాను. మంచి పని చేసిన మనిషికి వచ్చే నిద్ర వచ్చింది నాకు.

పన్నెండింటికి బయలుదేరాం. బస్సు నిండుగా ఉంది. చౌరస్తా దగ్గర ఎర్ర లైటు పడింది. నేను మధ్యలో నిలబడి టికెట్లు కొడుతున్నాను. డ్రైవర్ పిలిచాడు, నా అసలు పేరుతో. పదేళ్లలో తను నన్ను పేరు పెట్టి పిలిచింది అప్పుడే.

"బయటికి చూడు" అన్నాడు.

షెల్టర్లో ఆ ఇద్దరూ కూర్చునే ఉన్నారు. అతను ఆమె భుజం మీద తల వాల్చాడు. ఆమె ఒళ్లో దవాఖాన కాగితాల కవరు, దాని మీద నేను నంబరు రాసిచ్చిన చీటీ. మా బస్సును గుర్తుపట్టి లేచి నిలబడింది. చెయ్యి ఊపింది. నవ్వింది కూడా. కిటికీలోంచి వినపడేట్టు గట్టిగా అరిచింది.

"అన్నా! బస్సు ఇంకా రాలే! నువ్వు చెప్పినట్టే కూసున్నం!"

ఆమె గొంతులో కోపం లేదు. చెప్పింది చెప్పినట్టు చేశామని పంతులుకు చెప్పుకునే గొంతు అది. ఆ గొంతు నేను చచ్చేదాకా మరిచిపోను.

డ్రైవర్ బస్సు పక్కకు తీసి ఆపాడు. "మిషన్ నాకియ్యి. డ్రైవర్లే టికెట్ కొట్టే దినాలొచ్చినయి, నాకు రాదా ఏంది. నువ్వు దిగు" అన్నాడు.

"డ్యూటీ వదిలి దిగితే మెమో ఇస్తరన్నా."

"మెమో కాయితం తమ్మీ. గక్కడ కన్ను పోతుంది."

దిగాను. రోడ్డు దాటి వాళ్ల దగ్గరికి పోయేసరికి ఒక ఆటో డ్రైవరు అక్కడే నిలబడి ఉన్నాడు. మధ్య వయసు, ఖాకీ చొక్కా, నోట్లో వక్క. నా యూనిఫారం చూసి అర్థం చేసుకున్నాడు.

"చాచా, గా కండక్టర్ నువ్వేనా? పొద్దుగాల్నుంచి మూడుసార్లు చెప్పిన. గా నంబర్ బంద్ అయి ఏడాదైంది, మెట్రో వచ్చినంక మెల్లగ తీసేసిండ్రు. అమ్మ నన్ను దొంగను చూసినట్టు చూస్తుంది. ఒక కాలేజీ పోరి కూడ చెప్పింది, పైసలు నేనిస్త, ఆటో ఎక్కుండ్రి అన్నది. ఎక్కలే."

ఆమె నా వంక చూసింది. "గీయన చెప్పంగనే నేననుకున్న, అన్న చెప్పిందే చెప్తున్నడని. ఆ పిల్లకు తెల్వదేమో అనుకున్న. మా ఆయన పోదామంటే నేనే పోనియ్యలే. నువ్వు కదలొద్దన్నవ్ గద అన్నా."

ఆ ఏడాది పొడుగునా నేను ఎంతమందిని ఆ షెల్టర్లో దింపానో నాకు గుర్తు లేదు. మిగతావాళ్లు ఎవరో ఒకరి మాట విని ఏదో ఒక దారిన పోయి ఉంటారు. నా మాట తు.చ. తప్పకుండా పాటించింది ఈమె ఒక్కతే.

ఆటో ఎక్కాం. "దవాఖాన ఏ గేటు? పాత బిల్డింగా, కొత్తదా?" అని డ్రైవరు అడిగాడు. నాకు తెలియదు. "ఫ్లైఓవర్ మీద పోవాల్నా, కింద పోవాల్నా, యాడ దింపాలె?" అదీ తెలియదు. నేను పక్కకు చూశాను. భర్త కట్టు లేని కంటితో నన్నే చూస్తున్నాడు. పొద్దుటి నుంచి నాతో ఒక్క మాటా అనని మనిషి మెల్లగా అడిగాడు.

"అన్నా, నువ్వు గక్కడికి ఎన్నడూ పోలేదా?"

"లేదు తమ్మీ" అన్నాను.

తను ముఖం రోడ్డు వైపు తిప్పుకున్నాడు. తిట్టినా బాగుండేది. ఆటో డ్రైవరే నలుగురిని అడిగి సరైన గేటు ముందు దింపాడు. దారి పొడుగునా నేను పట్నాన్ని మొదటిసారి చూశాను. ఫ్లైఓవర్లు, అద్దాల మేడలు, నెత్తి మీద నుంచి పోయే రైలు. అన్నిటి గురించీ నేను ఎంతోమందికి వివరంగా చెప్పినవే. ఏ ఒక్కటీ నేను చెప్పినట్టు లేదు.

దవాఖాన చేరేసరికి ఒంటిగంట దాటింది. కౌంటర్లో ఉన్న అమ్మాయి కాగితాలు చూసి తల ఊపింది. "పదిన్నరకే ఉండమని రాసినం గద పెద్దాయనా. పదకొండున్నర దాక చూసిండ్రు. ఆయన జాగల వేరే పేషెంట్‌ను తీసుకపోయిండ్రు. ఇయ్యాల్టి థియేటర్ లిస్ట్ అయిపోయింది."

బతిమాలాను. తప్పు నాదని చెప్పాను. ఆమె పాపం విసుక్కోలేదు, లోపలికి పోయి అడిగి వచ్చింది. మళ్లీ వారానికి తారీఖు రాసి ఇచ్చింది. అప్పటిదాకా తల ఎక్కువ కదిలించొద్దని చెప్పింది. నాలుగున్నర గంటల బస్సు ప్రయాణం ఉందని నేను చెప్పలేకపోయాను. అతను రాత్రి నుంచి మంచినీళ్లు కూడా ముట్టలేదు. బయట బండి దగ్గర ఇడ్లీ పెట్టిస్తే తలొంచుకుని తిన్నాడు. ఆమె తినలేదు.

"కన్ను ఆగుతదా అన్నా వారం?" అని అడిగింది.

నేను ఇడ్లీ బండి ఆయనకు డబ్బులు ఇవ్వడానికి లేచాను.

డిపోలో మెమో రానే వచ్చింది. డ్యూటీ మధ్యలో బస్సు వదిలి దిగినందుకు సంజాయిషీ అడిగారు. కథలు అల్లకుండా ఒకే ఒక్క వాక్యం రాశాను: ప్రయాణికులకు దారి తప్పుగా చెప్పినందుకు దిగాను. మేనేజరు ఆ కాగితం తిప్పి తిప్పి చూశాడు. "నువ్వు ఒంట్లో బాగలేదని రాస్తే నాకు సులువు. దీన్ని ఏ రూలు కింద వెయ్యాలయ్యా?" అన్నాడు. ఆఖరికి పట్నం రూటు తీసేసి భీమ్‌గల్ పల్లె బస్సు మీద వేశారు. శిక్ష అనుకుని వేశారు గానీ నేను అడిగి తీసుకుందామనుకున్నదే అది. గుట్టలూ చెరువులూ దాటుకుంటూ పోయే ఆ రోడ్డు మీద నన్ను దారి అడిగేవాళ్లు ఎవరూ లేరు. అందరికీ నాకన్నా బాగా తెలుసు.

ఆ వారంలోనే, తారీఖుకు రెండు రోజుల ముందు, ఆమె బస్టాండుకు వచ్చింది. నన్ను వెతుక్కుంటూ ప్లాట్‌ఫారాలన్నీ తిరిగి భీమ్‌గల్ బస్సు దగ్గర పట్టుకుంది. తిట్టడానికి వచ్చిందనుకుని తల దించుకున్నాను.

"అన్నా, ఎల్లుండి మళ్ల పోవాలె. ఎట్ల పోవాలె చెప్పు" అంది.

చూడండి, నన్నే అడిగింది. అంత జరిగాక కూడా. బస్సు ఫుట్‌బోర్డు మీద కూర్చుండిపోయాను. ముప్పై ఏళ్ల ఉద్యోగంలో ఎన్నడూ అనని మాట అప్పుడు అన్నాను.

"నాకు తెల్వది చెల్లె."

"మరెట్ల?"

"నేనూ వస్త. అడుగుకుంట పోదాం."

సెలవు పెట్టి వాళ్లతో పోయాను, టికెట్ కొనుక్కుని. బస్టాండులో దిగి మొదలుపెట్టాం. కంట్రోలర్‌ను అడిగాం, మెట్రో మెట్ల దగ్గర సెక్యూరిటీ అతన్ని అడిగాం, టోకెన్ ఇచ్చే అమ్మాయిని అడిగాం, రైల్లో పక్కన కూర్చున్న కుర్రవాణ్ని అడిగాం. దిగాక పండ్ల బండి ఆమెను, మందుల దుకాణం ఆయనను, చివరికి గేటు దగ్గర వాచ్‌మన్‌ను. ఏడుగురు. ఎవరూ మోసం చెయ్యలేదు. కుర్రవాడు తను దిగాల్సిన స్టేషను దాటిపోయినా మాతో వచ్చి మారే చోటు చూపించి పోయాడు. మందుల దుకాణం ఆయన ఒక్కడే ఎటో చూపించాడు, ఆయనకు తెలియదు, తెలియదని చెప్పడం ఇష్టం లేదు. ఆయనను చూస్తే నన్ను నేను చూసుకున్నట్టే ఉంది. పదిన్నర కాకముందే చేరాం.

ఆపరేషన్ చేశారు. మూడు నెలలు తిరిగారు. ఎడమ కన్ను వెలుతురూ చీకటీ మాత్రమే పడుతుంది, బొమ్మ కట్టదు. పొర అప్పటికే మొత్తం ఊడిపోయిందన్నారు. నేనొక రోజు డాక్టరమ్మను పక్కకు పిలిచి అడిగాను, మొదటి తారీఖుకే వచ్చి ఉంటే కన్ను దక్కేదా అని. "చెప్పలేం" అంది. అవునని అని ఉంటే ఏడ్చేవాణ్ని, కాదని అని ఉంటే నిద్రపోయేవాణ్ని. ఆ రెండూ లేకుండా ఆ మాట ఇప్పటికీ నాతోనే ఉంది. రాత్రిపూట లేచినప్పుడు, పూజ గదిలో దీపం పెట్టినప్పుడు, ఊరికే కూర్చున్నప్పుడు.

పాలిష్ పని మానేసి అతను ఇప్పుడు మార్కెట్ దారిలో ఒక గోదాము దగ్గర కాపలా ఉంటున్నాడు. కన్ను చూపించుకోవడానికి నాలుగు నెలలకోసారి ఒక్కడే పట్నం పోయి వస్తాడు. ఎవరినైనా అడుగుతాడు, దొరికిన చోట చాయ్ తాగుతాడు, ఒకసారి ట్యాంక్‌బండ్ కూడా చూసి వచ్చాడు. పట్నంలో మా ఊరివాళ్లు ఎవరికైనా దారి కావాలంటే నేను ఇప్పుడు అతని దగ్గరికే పంపుతాను.

మొన్న నాకు పెన్షన్ కాగితాల పని పడింది, పెద్ద ఆఫీసుకు స్వయంగా రావాలన్నారు. గోదాము ముందు నుంచి పోతూ మాటల్లో అన్నాను. "ఒక్కనివే ఎందుకన్నా, నా తారీఖు కూడ గా వారంలనే ఉన్నది, కలిసి పోదాం" అన్నాడు. కాదనడానికి నాకు ముఖం చెల్లలేదు. బస్సులో కుడి వైపు కిటికీ సీటు నాకు వదిలి, తను పక్కన కూర్చున్నాడు. నా పని ముందు, తన పని తర్వాత. రెండూ అయ్యేసరికి మూడైంది. "చార్మినార్ చూసినవా?" అని అడిగాడు. ఈసారి నిజం చెప్పాను.

తీసుకుపోయాడు. చార్మినార్ ఎలా ఉందో నేను రాయను, మీరే పోయి చూడండి. అంత ఎత్తు ఉంటుందని మాత్రం అనుకోలేదు.

తిరిగి వచ్చేటప్పుడు పెద్ద రోడ్డు దాటాలి. బండ్లు ఆగడం లేదు. నేను గబగబా అతని ఎడమ పక్కకు పోయి నిలబడ్డాను. చూపు లేని వైపు నుంచి ఏ బండి వస్తుందోనని, కనీసం అదన్నా కాయాలని. అతను ఆగి, నా చెయ్యి పట్టుకుని ఇటు లాగాడు.

"గటు పక్క వద్దన్నా, నువ్వు నాకు కనవడవు. ఇటు రా. నిన్ను చూసుకుంట దాటిస్త" అన్నాడు.